బొగదకు రెండు నోళ్ళు

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, కొలత గొలుసు పట్టే మా చైన్‌మన్ తన సైకిలు వెనక చక్రానికి గాలి కొట్టాడు. దిగువమెట్టలో టీ కొట్టు ముందు. పాలబండి ఇంకా రాలేదని కొట్టువాడు విసుక్కుంటే వాచీ చూసుకున్నాను కాబట్టి ఆ టైము గుర్తుండిపోయింది. ఆ రోజు గురించి తర్వాత చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు. గాలి సంగతి ఎవరూ అడగలేదు, అడగాల్సిన పని కూడా లేదు. అంతా మామూలుగా ఉన్న సమయం అది కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

నేను సర్వేయరును. పెద్దారవీడు, మార్కాపురం, గిద్దలూరు మండలాల్లో పొలాలు కొలిచి రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఏదైనా రాయమని అడిగినవాళ్ళు గట్టు తగాదాల కథలు వస్తాయని అనుకుని ఉంటారు. అవి మా పనిలో అందరి దగ్గరా ఉన్నాయి. నా దగ్గర పూర్తికాని కొలత ఒకటి ఉంది. దాని గురించి రాస్తాను.

ప్రకాశం జిల్లాను విడదీసి చిన్నది చేసిన కొత్తలో, మిగిలిన జిల్లాలో జనానికి చూపించడానికి ఏముందని పైవాళ్ళు వెతికారు. కొండలు మిగిలాయి. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమలలో మీటరు గేజి రోజుల నాటి రైలు దారి ఉంది. బ్రాడ్ గేజి వచ్చినప్పుడు కొత్త లైను పక్కగా వేశారు, పాతదాని పట్టాలు పీకేశారు. కట్ట, కంకర, రాతి వంతెనలు, ఒక సొరంగం అడవిలో ఉండిపోయాయి. రైలు కోసం వేసిన దారి కాబట్టి కొండల్లో కూడా ఎక్కడా నిట్టనిలువు ఎక్కుడు లేదు. సైకిళ్ళకు ఇంతకంటే మంచి దారి దొరకదని మార్కాపురం సైకిలు క్లబ్బువాళ్ళు అర్జీ పెట్టారు. ముందు దారిని కొలిచి నక్షా తయారు చేయమని ఆ పని నాకు అప్పగించారు. ఎక్కడ సైకిలు దిగి నడవాలి, ఎక్కడ నీళ్ళు పెట్టాలి, ఎవరైనా పడితే ఎటు నుంచి రోడ్డుకు తేవచ్చు, అన్నీ గుర్తించాలి. నా రిటైర్మెంటుకు అప్పటికి ఏడాది కూడా లేదు. పొలాలు కొలవడం కంటే ఇది హాయి అని ఒప్పుకున్నాను.

దారి చూపించడానికి ఒక పాత కీమన్ దొరికాడు. కీమన్ అంటే రోజూ భుజాన సుత్తి వేసుకుని తన వంతు లైను పొడవునా నడుస్తూ, వదులైన చీలలు బిగించేవాడు. ఆ వంతును వాళ్ళు లెంగ్తు అంటారు. ఈయన లెంగ్తు ఆ కొండల్లోనే ఉండేది. లైను మారాక కొత్త లైను మీద పనిచేసి రిటైరయ్యాడు గానీ కాపురం పాత గ్యాంగు క్వార్టర్లలోనే. లైను పనివాళ్ళ కోసం వరసగా కట్టిన రాతి ఇళ్ళు. మనుషులున్నది వాటిలో ఒక్క ఇంట్లో. ఆయన, ఆయన భార్య.

ఇనుము మీద ఇనుము కొట్టి కొట్టి ఆయనకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పనిచేసేది. మాట్లాడాలంటే కుడి పక్కన నడవాలి. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను మొదట్లో సారూ అని, కొన్నాళ్ళకు తమ్ముడూ అని పిలిచాడు. నా భార్య పోయిన ఏడాది అది. ఇంట్లో మాట్లాడే మనిషి లేక పుస్తకాలు చదువుతూ పొద్దుపుచ్చేవాణ్ణి. ఆయనతో నడిచిన రోజుల్లో పుస్తకం తీయకుండానే నిద్ర పట్టేది.

ఆయన భార్యకు ఆ చోటు వదిలి గిద్దలూరు పోవాలని ఉండేది. అక్కడ చెల్లెలుంది, కుళాయి ఉంది, పిలిస్తే పలికే మనుషులున్నారు. మేము మొదటిసారి వెళ్ళిన రోజే నాకు ఫిర్యాదు చేసింది.

"పట్టాలు పీకి ఇన్నేండ్లాయె సారూ. ఇంకా పొద్దున్నే సుత్తి ఏసుకోని పోతాడు. ఏ రైలొస్తదని?"

"రైలు రాకుంటే ఏంది, సైకిళ్ళొస్తయి," అన్నాడాయన.

ఆ విషయంలో వాళ్ళిద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. సైకిళ్ళ దారి ఖాయమైతే క్వార్టర్ల దగ్గర టీ, మంచినీళ్ళు పెట్టుకోవచ్చు, నాలుగు మొహాలు కనబడతాయి, అక్కడే ఉండిపోవచ్చు. ఖాయం కాకపోతే ఆయన మారుమాట లేకుండా మూట కట్టాలి. ఉగాది దాకా చూస్తానని ఆమె గడువు పెట్టింది. అందుకని మాకు అది ఇంకొక నక్షా. ఆయనకు మాత్రం ఉన్న చోట ఉండనిస్తారా లేదా అన్న తీర్పు.

క్లబ్బు తరఫున మాతో తిరిగింది మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే శెట్టి. పలకలకు గిరాకీ తగ్గి, ఒంట్లో షుగరు పెరిగి, డాక్టరు చెప్పగా సైకిలెక్కిన మనిషి. ఎక్కాక దిగలేదు. సైకిలు తొక్కేవాళ్ళ చెడ్డీకి అడుగున మెత్త కుట్టి ఉంటుంది. కీమన్ మొదటి రోజే దాన్ని వేలితో పొడిచి చూశాడు.

"ఏంది శెట్టీ, పరుపు కట్టుకోని తిరుగుతన్నావా?"

"నీకూ ఒకటి తెస్తాలే పెద్దాయనా."

అన్నట్టే తర్వాతి వారం తెచ్చాడు. ఆయన భార్య దాన్ని వేడి గిన్నెలు దించడానికి పెట్టుకుంది. గుడ్డ కంటే మెత్తగా ఉందని మెచ్చుకుంది కూడా. శెట్టి ఆ సంగతి క్లబ్బులో చెప్పుకుని నవ్వేవాడు.

వాళ్ళిద్దరికీ పోట్లాటలు లేకపోలేదు. లోయ మీది రాతి వంతెనకు పిట్టగోడ లేదు. అక్కడ అందరూ దిగి నడవాలని కీమన్, చేయి తిరిగినవాళ్ళు తొక్కుకుంటూ పోవచ్చని శెట్టి. ఒక మధ్యాహ్నమంతా దాని మీదే గడిచింది. చివరికి కీమన్ వంతెన నడిమిట్లో కూర్చుని సజ్జరొట్టె మూట విప్పి, ముందు కిందికి చూసుకుంటూ తినమన్నాడు. శెట్టి ఒక్క ముక్క తిని, దిగి నడవాలని ఒప్పుకున్నాడు. నక్షాలో అలాగే రాశాం.

ఇక సొరంగం. మా వైపు సొరంగాన్ని బొగద అంటారు. ఇది పెద్దది కాదు గానీ మధ్యలో వంపు ఉంది. ఒక నోటి దగ్గర నిలబడితే రెండో నోరు కనబడదు. రైలొస్తే మనిషి ఒదిగి నిలబడేందుకు లోపల గోడల్లో గూళ్ళు కట్టారు. ఎండలు ముదిరేకొద్దీ ఎలుగుబంట్లు చల్లదనానికి ఆ గూళ్ళలో వచ్చి పడుకుంటాయి. గ్యాంగువాళ్ళకు ఇది ఎప్పటినుంచో తెలుసు. అందుకని తూర్పు నోటి ముందు ఒక పట్టా ముక్కను కొక్కేనికి వేలాడదీసి ఉంచేవాళ్ళు. దాన్ని సుత్తితో గట్టిగా కొట్టి, ఒక బీడీ కాలేంతసేపు బయట కూర్చుని, ఆ తర్వాతే లోపలికి పోయేవాళ్ళు. పట్టాలు పీకినవాళ్ళు ఆ ముక్కను కూడా తీసుకుపోతే, కీమన్ ఇంకొకటి సంపాదించి అదే కొక్కేనికి కట్టుకున్నాడు. మాతో మొదటిసారి లోపలికి పోయినప్పుడు అలాగే కొట్టాడు, అలాగే కూర్చున్నాడు, మమ్మల్నీ కూర్చోబెట్టాడు.

"ఊరికే దూరకూడదు. చప్పుడు చేయాల. చేస్తే అది ఆ పక్కకు ఎల్లిపోతది. దానికి మనతో పనేముంది?"

సైకిలు చప్పుడు లేకుండా పోయే బండి. కాబట్టి వచ్చే ప్రతి జట్టూ బొగద ముందు ఆగి చప్పుడు చేయాలని నియమాల్లో చేర్చుకున్నాం. శెట్టి సైకిలుకు బిగించే హారను ఒకటి, ఆటల్లో ఊదే విజిల్ ఒకటి కొన్నాడు. ఎలుగు ఆ పక్కకు వెళ్ళిపోతుందన్న మాట మేమందరం విన్నాం. విని తలలూపాం.

రోవరు పట్టుకుని తిరిగే పిల్లలకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రోవరు ఉపగ్రహాలను పట్టుకుని కొలుస్తుంది, దానికి ఆకాశం కనబడాలి. ఆ లోయలో, ఆ బొగదలో గొలుసే దిక్కు. గొలుసుతో ఒకే వైపు నుంచి కొలుచుకుంటూ పోతే తప్పును కూడా మోసుకుంటూ పోతాం, అది ఎక్కడ పడిందో తెలియదు. అందుకని రెండు కొసల నుంచి వచ్చి మధ్యలో కలుపుతాం. కలిసిన చోట ఎంత తేడా వచ్చిందో చూసుకుంటే పని ఎలా జరిగిందో తెలుస్తుంది. మాకు పని నేర్పినవాళ్ళు ఇలాగే నేర్పారు. మంచి పద్ధతి. ఇప్పటికీ మంచి పద్ధతే.

దారి చూడటానికి ఒక పెద్ద అధికారి ఆ వారంలోనే వస్తున్నారని కబురొచ్చింది. మాకు మిగిలింది బొగద, దానికి రెండు పక్కలా కొంత కట్ట. ఒక్క రోజులో ముగించాలి. ఎలా చేద్దామని టీ కొట్టు దగ్గర అనుకుంటుంటే కీమనే అన్నాడు.

"మీరిద్దరు రోడ్డు మీంద అట్ల పోయి ఆ నోట్లోంచి రాండి తమ్ముడూ. నేనూ ఈ పిల్లోడూ ఈ నోట్లోంచి వస్తాం. నడిమిట్ల కలుద్దాం."

పిల్లోడంటే మా చైన్‌మన్. నలభై దాటినవాడు. నేను సరేనన్నాను. సర్వేయరుకు అంతకంటే నచ్చే మాట ఉండదు. అటవీ శాఖ బీటు ఆఫీసరు కూడా రావాల్సింది గానీ, అడవిలో మంట లేచిందని తెల్లవారుజామునే అటు పోయాడు. మంట నిజంగానే లేచింది, పొగ మాకూ కనబడింది. మధ్యాహ్నానికి కలుస్తానన్నాడు.

శెట్టి వ్యానులో ఘాటు రోడ్డు మీద కొంతదూరం పోయి, సైకిలు దించుకుని, పాత కట్ట మీద పడమటి నోటికి నడిచాం. దారిలో శెట్టి తన కొడుకు పలకల కొట్టు మూసి సెల్లుల కొట్టు పెడతానంటున్నాడని చెప్పాడు. పెట్టనివ్వమన్నాను. బొగద ముందు ఒక రాయికి సైకిలు ఆనించి, హారను నొక్కాడు. విజిల్ ఊదాడు. కాసేపాగి మళ్ళీ ఊదాడు.

"బీడీ అలవాటు లేదు గదా సార్ మనకు. ఎట్ల కొలుద్దాం?"

ఇద్దరం చెరొక పల్లీ పట్టీ తిన్నాం. అది తింటున్నంతసేపూ తూర్పు నోటి దగ్గర ఏం జరుగుతోందో తర్వాత చైన్‌మన్ చెప్తే తెలిసింది.

కీమన్ అప్పటికే పట్టా ముక్క కొట్టి, బీడీ కాల్చి, లేచాడు. మా హారను బొగదలోంచి చైన్‌మన్‌కు సన్నగా వినిపించింది. సారోళ్ళు వచ్చినారు పెదనాయనా అని చెప్పాడు. ఏ పక్కన నిలబడి చెప్పాడో చైన్‌మన్‌కు గుర్తులేదు. ఆయన తలూపి గొలుసు ముందు కొస పట్టుకుని లోపలికి నడిచాడు. చైన్‌మన్ వెనక కొస పట్టుకుని బయటే నిలబడ్డాడు. కొలిచేటప్పుడు ఎప్పుడూ అంతే, ముందువాడు నడుస్తాడు, వెనకవాడు కదలడు.

ఎలుగు సుత్తి చప్పుడుకు లేచి పడమటి వైపు వచ్చి ఉంటుంది. అక్కడ మా హారను విని వెనక్కి తిరిగి ఉంటుంది. ఇది ఊహ. శెట్టీ నేనూ దాన్ని చూడలేదు. చైన్‌మన్ చూసింది అది ఆయన్ని దాటి బయటికి వచ్చి చెట్లలోకి పోవడమే. దాని వీపు మీద పిల్ల ఉందన్నాడు. అంతకు ముందు తన చేతిలో గొలుసు ఒక్కసారి బిగిసి, వదులైందని చెప్పాడు.

అరుపు విని మేము బొగదలోంచే పరుగెత్తాం. గాయాల గురించి రాయను. తల, ముఖం అంటే చాలు. అడవి పక్క ఊళ్ళలో పుట్టినవాళ్ళకు అంతకంటే చెప్పనక్కర్లేదు.

ఆయనకు స్పృహ ఉంది. చైన్‌మన్ సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టాం. శెట్టి హ్యాండిలు పట్టుకున్నాడు. మేమిద్దరం చెరొక పక్కన ఆయన్ని పట్టుకుని నడిచాం. నేను కుడి పక్కన ఉన్నాను కాబట్టి మాట్లాడగలిగాను.

"మీరు గూడా చప్పుడు చేసినారా తమ్ముడూ?"

"శెట్టి హారను కొట్టినాడన్నా."

కొంతదూరం పోయాక అన్నాడు. "నాకు ఇనపళ్ళే."

నిందగా అనలేదు. ఒక లెక్క సరిచూసుకున్నట్టు అన్నాడు. ఆ తర్వాత ఆయన మాట్లాడింది శెట్టితోనే.

"కంకర మీంద మెల్లగ శెట్టీ. చక్రం జారతది."

ఆ దారిన సైకిలు మీద పోయిన మొదటి మనిషి ఆయనే. ఇందులో ఎవరూ అర్థాలు వెతకవద్దు. మా దగ్గర వేరే బండి లేదు, అంతే. మనిషి పడితే రోడ్డుకు తేవడానికి నేను నక్షాలో గుర్తుపెట్టిన అడ్డదారి బాగానే పనికొచ్చింది.

గిద్దలూరు ఆసుపత్రిలో చేయగలిగింది చేసి ఒంగోలు తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో ఆయన భార్య, నేను. కంభం దగ్గర పోయాడు. లోపలున్న కుర్రాడు అద్దం మీద తడితే డ్రైవరు బండి ఆపాడు.

"ఆపబాకు నాయనా," అందామె. "పోనీ."

డ్రైవరు నా మొహం చూశాడు. పోనిమ్మన్నాను. మార్కాపురం పొలిమేర దాకా పోయాం. అక్కడ ఆమే ఇక చాలంది. తిప్పుకుని వచ్చాం.

విచారణ జరిగింది. అడవి జంతువు దాడి, ఎవరి తప్పూ లేదని తేలింది. నేనూ అదే చెప్పాను, ఇప్పటికీ అదే చెప్తాను. కానీ ఒక సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు. అన్నేళ్ళు ఆ బొగదలో తిరిగిన మనిషి రెండు నోళ్ళలోంచి దూరదామని ఎలా అనగలిగాడు?

పెద్దకర్మ రోజు నంద్యాల వైపు నుంచి ఇంకొక పాత కీమన్ వచ్చాడు. పడమటి లెంగ్తు ఆయనది. రోజూ ఇద్దరూ ఎదురెదురుగా నడుచుకుంటూ వచ్చి కలిసేవాళ్ళని విన్నాను. బొగదలో ఎలా కలిసేవాళ్ళని అడిగాను.

"బొగద మాది గాదు నాయనా. అంతా ఆయన లెంగ్తే. నా హద్దు రాయి పడమటి నోటి బయట. ఆడిదాకా వచ్చి కూసునేటోణ్ణి. ఎలుగుంటే ముందు అది వస్తది, దాని ఎనక ఆయనొస్తాడు."

"అది వస్తే మీరేం చేసేవాళ్ళు?"

"కిక్కురుమనకుండా పక్కకు జరిగేటోణ్ణి. ఇంకేం చేస్తా?"

ఆ పక్క నుంచి చప్పుడు చేయకూడదని ఆయనెప్పుడైనా చెప్పాడా అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"చెప్పేదేముంది? ఆ పక్కనుంచి ఎవురూ దూరరు గదా."

అప్పుడు అర్థమైంది. ఆ నియమం ఎవరి నోటా మాటగా లేదు. అది ఒక రాయి పాతిన చోట ఉంది. ఎప్పుడో లైను వేసినప్పుడు పని పంచినవాడు తెలిసి పాతాడో, తెలియక పాతాడో, బొగద మొత్తం ఒకడి వంతుకు వచ్చింది. దాంతో చప్పుడు ఎప్పుడూ ఒక వైపు నుంచే అయింది, ఎలుగుకు రెండో నోరు ఎప్పుడూ తెరిచే ఉంది. పట్టాలతో పాటు లెంగ్తులు పోయాయి. కీమన్‌కు తను చేసిన పని గుర్తుంది. అవతలివాడు చేయకుండా ఊరుకోవడం కూడా అందులో సగం పని అని ఆయనకు ఎన్నడూ కనబడలేదు. ఎలా కనబడుతుంది? మధ్యలో వంపు ఉంది.

ఆ రోజు శెట్టి సైకిలు ఆనించింది ఆ హద్దు రాయికే. నక్షాలో నేను దాన్ని రాయి అని మాత్రమే గుర్తుపెట్టాను. జన్మంతా హద్దు రాళ్ళ చుట్టూ తిరిగిన మనిషిని.

కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. పాతవాళ్ళను అడిగి తెలుసుకోమని మీకు అందరూ చెప్తారు. మేము అడిగాం. ఒక్కరిని అడిగాం. అవతలి కొసన పనిచేసినవాణ్ణి కూడా వెతికి అడగండి. ఆయన నేను ఏమీ చేసేవాణ్ణి కాదంటాడు. ఏమి చేసేవాడు కాదో అది అడగండి.

నక్షాను మధ్య ముక్క లేకుండానే పంపాను. పూర్తి చేయడానికి ఇంకెవరినైనా పంపుతామన్నారు, పంపలేదు. అటవీ శాఖ అనుమతి ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం. శెట్టి కొన్నాళ్ళు సైకిలు ముట్టలేదు. షుగరు మళ్ళీ పెరిగితే ఎక్కాడు. ఇప్పుడు క్లబ్బువాళ్ళతో ఆదివారం పూట కంభం చెరువు కట్ట దాకా పోయి వస్తాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు టీ తాగి పలకల ధరలు మాట్లాడి వెళ్తాడు. మేము ఇంకే సంగతీ ఎత్తం.

ఉగాది వెళ్ళిన వారానికి ఆమె గిద్దలూరు కదిలింది. సామాను ఎత్తడానికి మేము ముగ్గురం పోయాం. మంచం, రెండు పెట్టెలు, గిన్నెల గోతాం. ట్రాక్టరు సగం కూడా నిండలేదు. ఆమె అన్నీ ఎక్కేదాకా చూసి, తలుపు దగ్గరికేసి తాళం వేసింది. కాసేపు నిలబడి మళ్ళీ తాళం తీసి కొంగున ముడేసుకుంది. చెల్లెలింట్లో పనికొస్తుందంది.

"నేను రమ్మన్నన్నాళ్ళు రాల్యా," అంది నాతో. "ఇప్పుడు పోతాంటే, వద్దనేదానికి లేడు."

ట్రాక్టరు డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. వెనక్కి చూడలేదు. చూసిందేమో, నాకు తెలియదు, నేను తాడు బిగిస్తున్నాను.

ఆ గ్యాంగు క్వార్టర్లలో ఇప్పుడు ఎవరూ కాపురం ఉండటం లేదు.